బొమ్మల కొలువు

బొమ్మల కొలువు తెలుగువారి ఇళ్ళలో సంక్రాంతి లేదా దసరా దినాలలో జరిపే ఒక సంప్రదాయ వేడుక. బొమ్మలను మెట్ల వరుసలో అమర్చి, పూజించి, ఇరుగుపొరుగు స్త్రీలను, పిల్లలను పేరంటానికి పిలవడం ఇందులో ప్రధానాంశం. కోస్తా ఆంధ్రలో ఎక్కువ కుటుంబాలు దీనిని సంక్రాంతికి ఏర్పాటు చేస్తాయి. రాయలసీమ మరియు తెలంగాణ ప్రాంతాలలో దసరా నవరాత్రులకు పెట్టే కుటుంబాలు ఎక్కువ. తమిళనాడులో దీనిని కొలు అని, కర్ణాటకలో గొంబె హబ్బ అని అంటారు.

కొలువులో దేవతామూర్తులతో పాటు పెళ్ళి బృందాలు, అంగళ్ళు, ఎడ్లబండ్లు, జంతువులు, పక్షులు, వంట పాత్రలు మొదలగు నిత్యజీవిత దృశ్యాలకు కూడా స్థానం ఉంటుంది. ఏటా కనీసం ఒక కొత్త బొమ్మనైనా చేర్చాలనేది, పాత బొమ్మలను పారవేయక తరువాతి తరానికి అందించాలనేది ఈ వేడుకలోని రెండు ముఖ్యమైన ఆచారాలు. మొదటి ఆచారం వలన బొమ్మలు చేసే వృత్తులవారికి ఏటేటా గిరాకీ లభించింది. రెండవ ఆచారం వలన కొలువు ఆయా కుటుంబాల చరిత్రకు ఒక గుర్తుగా నిలిచింది.

పేరు

తెలుగులో కొలువు అనే మాటకు సభ, రాజాస్థానము, సేవ, ఉద్యోగము అనే అర్థాలు ఉన్నాయి. రాజు సభలో ఆసీనుడగుటను కొలువు తీరుట అంటారు. దేవాలయాలలో స్వామివారి కొలువు అనే ప్రయోగం కూడా ఈ అర్థంలోనిదే. బొమ్మలన్నీ సభ తీరినట్లుగా వారి వారి స్థానాలలో ఉండటం చేత ఈ వేడుకకు బొమ్మల కొలువు అనే పేరు వచ్చింది. బొమ్మలను అమర్చడాన్ని కొలువు పెట్టడం లేదా కొలువు తీర్చడం అని, వేడుక ముగిసిన తరువాత వాటిని తీసివేయడాన్ని కొలువు ఎత్తడం అని అంటారు.

నేపథ్యం

దక్షిణ భారతదేశంలో మహానవమి పండుగ రాజాస్థానాలతో ముడిపడి ఉన్నది. విజయనగరంలో జరిగిన మహానవమి ఉత్సవాలను 16వ శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వర్ణించాడు. విజయనగరం పతనమైన తరువాత ఆ సంప్రదాయాన్ని మైసూరు ఒడయార్లు కొనసాగించారు. రాజ ఒడయారు 1610లో శ్రీరంగపట్నంలో దసరా ఉత్సవాలను ప్రారంభించాడు. మైసూరు రాజభవనంలో బొమ్మలను ప్రదర్శించుటకు గొంబె తొట్టి అనే ప్రత్యేక మంటపం కలదు. రాజు కొలువును, దేవతల కొలువును తలపించే ఈ అమరికను గృహిణులు తమ ఇళ్ళలో తీర్చుకున్నారు.

సంక్రాంతి కొలువుకు నేపథ్యం వేరు. పంటలు ఇంటికి వచ్చే కాలం, కూతుళ్ళు, అల్లుళ్ళు, మనుమలు ఊరికి చేరే కాలం అదే. కాబట్టి కోస్తా జిల్లాలలో కొలువు పిల్లల పండుగగా, ప్రత్యేకించి ఆడపిల్లల పండుగగా స్థిరపడింది. ముగ్గులు, గొబ్బెమ్మలు, భోగిపళ్ళు, బొమ్మల కొలువు అనేవి ఒకే వేడుకల వరుసలో భాగాలు.

కొలువు పెట్టే విధానం

దసరా కొలువును ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నాడు పెట్టి విజయదశమి తరువాత ఎత్తుతారు. సంక్రాంతి కొలువును సాధారణంగా భోగి నాడు పెట్టి కనుమ లేదా ముక్కనుమ వరకు ఉంచుతారు.

మెట్లు బేసి సంఖ్యలో, అనగా మూడు, ఐదు, ఏడు లేదా తొమ్మిది ఉండటం ఆచారం. పూర్వం చెక్కపెట్టెలు, బల్లలు, పీటలు, ధాన్యపు డబ్బాలు ఒకదానిపై ఒకటి పేర్చి, పైన ఉతికిన పంచె లేదా పట్టుచీర పరిచి మెట్లు తయారుచేసేవారు. తరువాతి కాలంలో మడతపెట్టుటకు వీలైన ఇనుప మెట్లు కూడా వాడుకలోకి వచ్చాయి. మెట్ల ముందు ముగ్గు వేసి, మామిడి తోరణాలు కట్టి, దీపం వెలిగిస్తారు. ముందుగా వినాయకుని పూజించి తరువాత బొమ్మలను అమరుస్తారు.

బొమ్మల వరుసకు అన్ని ఇళ్ళలో ఒకే నియమం లేదు. అయినను ఎక్కువగా కనిపించే క్రమం ఈ విధంగా ఉంటుంది.

పై మెట్టుపై కలశం, వినాయకుడు, లక్ష్మి, సరస్వతి, దుర్గ మొదలగు దేవతామూర్తులు ఉంటాయి. దాని క్రింద దశావతారాలు, శ్రీరామ పట్టాభిషేకం, శ్రీకృష్ణుని లీలలు, అష్టలక్ష్ములు వంటి బృందాలను ఉంచుతారు. మధ్య మెట్లపై సాధుసంతులు, వాగ్గేయకారులు, జాతీయ నాయకుల బొమ్మలు ఉంటాయి. ఆ క్రింద పెళ్ళి బృందం, మేళగాళ్ళు, పల్లకీ, అంబారీ ఏనుగు, ముందు సరుకులు పోసుకుని కూర్చున్న శెట్టి దంపతులు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, బావి వద్ద నీళ్ళు తోడే స్త్రీ మొదలగు బొమ్మలు వస్తాయి. చివరి మెట్టుపై జంతువులు, పక్షులు, పండ్లు, కూరగాయలు, లక్కపిడతలు ఉంచుతారు.

మెట్ల ముందు నేలపై పిల్లలు తమ ఊహకు తోచినట్లు ఒక ఊరిని గాని, తోటను గాని, గుడిని గాని నిర్మిస్తారు. ఇందుకు వారం పది రోజుల ముందుగానే మట్టి పోసిన పళ్ళెములలో ఆవాలు, మెంతులు లేదా రాగులు చల్లి మొలకెత్తిస్తారు. ఆ మొలకలే పొలాలవుతాయి. అద్దం ముక్క చెరువవుతుంది. ఇసుక, గులకరాళ్ళతో దారులు, కొండలు ఏర్పడతాయి. పై మెట్లు పెద్దల అధీనంలో ఉన్నా ఈ భాగం పూర్తిగా పిల్లలదే.

పేరంటం

కొలువు ఉన్న రోజులలో సాయంకాలం పేరంటం జరుగుతుంది. ఇంటి ఆడపిల్లలు కుంకుమ భరిణె తీసుకుని ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తారు. వచ్చినవారికి కాళ్ళకు పసుపు రాసి, గంధం, కుంకుమ ఇచ్చి, కొలువు ముందు కూర్చుండబెడతారు. వచ్చినవారు పాటలు పాడతారు, పిల్లలు పద్యాలు చెబుతారు. మంగళహారతి పాడి తాంబూలం, పండ్లు, నానబెట్టిన శనగలు ఇచ్చి సాగనంపుతారు. నాలుగైదు ఇళ్ళ పేరంటాల నుండి తెచ్చిన శనగలను మరునాడు తాలింపు వేసి గుగ్గిళ్ళుగా తినడం ఈ పండుగ రుచులలో ఒకటి. సంక్రాంతి పేరంటంలో అరిసెలు, జంతికలు, చిమ్మిలి వంటి పిండివంటలు కూడా పెడతారు. దసరా నవరాత్రులలో రోజుకొక నైవేద్యం చేసి పంచుతారు.

భోగి నాటి సాయంకాలం చిన్నపిల్లలను కొలువు ఎదుట పీటపై కూర్చుండబెట్టి భోగిపళ్ళు పోస్తారు. రేగుపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, శనగలు, చిల్లర నాణేలు కలిపి పెద్దలు పిల్లల తలపై పోసి దీవిస్తారు. క్రింద పడిన నాణేలను ఏరుకొనుట మిగిలిన పిల్లలకు వేడుక.

ముత్తైదువలను మాత్రమే పేరంటానికి పిలిచే ఆచారం వలన పూర్వం భర్తను కోల్పోయిన స్త్రీలు ఈ వేడుకకు దూరంగా ఉండవలసి వచ్చేది. ఏడాదంతా బొమ్మలను కాపాడి, కొలువు తీర్చడంలో అందరికన్నా ఎక్కువ నేర్పు గల ఇంటి పెద్దావిడ కూడా పేరంటం వేళకు లోపలి గదికి వెళ్ళవలసిన పరిస్థితి అనేక ఇళ్ళలో ఉండేది. కాలక్రమంలో ఈ పట్టింపు చాలా కుటుంబాలలో సడలింది. కులభేదం, మతభేదం లేకుండా ఇరుగుపొరుగు వారందరినీ, మగపిల్లలను కూడా పిలిచే ఇళ్ళు పెరిగాయి.

బొమ్మలు చేసే ఊళ్ళు

కొండపల్లి: విజయవాడ సమీపంలోని కొండపల్లి, తెలుగు ఇళ్ళ కొలువులకు అత్యంత ప్రసిద్ధమైన బొమ్మల కేంద్రం. పూర్వపు కృష్ణా జిల్లాలోని ఈ ఊరు 2022లో ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరింది. ఇక్కడి కళాకారులను ఆర్యక్షత్రియులు అంటారు. వీరి పూర్వీకులు రాజస్థాన్ ప్రాంతం నుండి వలస వచ్చినట్లు చెప్పుకుంటారు. ఊరిలో వీరు నివసించే ప్రాంతానికి బొమ్మల కాలనీ అని పేరు.

కొండపల్లి బొమ్మలను తెల్లపొణికి అనే తేలికైన, మెత్తని కర్రతో చేస్తారు. కర్రను ఎండబెట్టి, సన్నని సెగపై కాచి తేమను పోగొడతారు. బొమ్మ యొక్క భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతుకుతారు. అతుకులు కనిపించకుండా ఆకురాయితో నునుపు చేసి, సున్నపు పూత వేసి, ఆరిన తరువాత రంగులు అద్దుతారు. చెక్కడం సాధారణంగా పురుషులు, రంగులు వేయడం స్త్రీలు చేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు, పెళ్ళికూతురు పెళ్ళికొడుకు అనేవి ఇక్కడి ప్రసిద్ధ బొమ్మలు.

ఏటికొప్పాక: అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలకు ప్రసిద్ధి. ఇక్కడ అంకుడు కర్రను వాడతారు. దీని శాస్త్రీయ నామం రైటియా టింక్టోరియా. తిరుగుతున్న కర్రపై ఉలితో రూపం తీర్చి, అది తిరుగుతుండగానే రంగు కలిపిన లక్కను అదిమి పట్టుకుంటారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు సమానంగా పట్టుకుంటుంది. పిల్లలు ఆడుకునే లక్కపిడతలు ఇక్కడివే. రసాయన రంగుల వాడకం పెరిగిన దశలో పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు మొదలగు సహజ పదార్థాల రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చినవారిలో సి.వి.రాజు ముఖ్యుడు. ఆయనకు 2023లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్ర ప్రదేశ్ శకటం ఈ బొమ్మల ఇతివృత్తంతోనే రూపొందింది.

నిర్మల్: తెలంగాణలోని నిర్మల్ పట్టణం కొయ్యబొమ్మలకు, వర్ణచిత్రాలకు పేరు పొందింది. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని ఈ పట్టణం 2016లో ప్రత్యేక జిల్లా కేంద్రమైనది. ఇక్కడి కళాకారులను నకాషీలు అంటారు. వీరు కూడా పొణికి కర్రనే వాడతారు. పండ్లు, కూరగాయలు, పక్షులు, జంతువులు నిజమైనవే అనిపించేటట్లు చేయడం నిర్మల్ బొమ్మల ప్రత్యేకత. కొలువు చివరి మెట్టుపై ఉంచే అరటిపండ్లు, సీతాఫలాలు, వంకాయలు తరచుగా ఇక్కడి నుండి వచ్చినవే.

తిరుపతి: తిరుమల యాత్రకు వెళ్ళినవారు తెచ్చుకునే ఎర్రచందనపు జంట బొమ్మలు కొలువులో ప్రత్యేక స్థానం పొందాయి. వీటిని తమిళంలో మరపాచి బొమ్మలు అంటారు. వధువుకు పుట్టింటివారు పెళ్ళిలో ఈ జంటను ఇచ్చే ఆచారం పలు కుటుంబాలలో ఉన్నది. ఏటా కొలువుకు ముందు పిల్లలు వాటికి గుడ్డపీలికలతో కొత్త బట్టలు కట్టి, పూసలతో నగలు పెడతారు. శ్రీకాళహస్తి సమీపంలోని మాధవమాల కొయ్య చెక్కడాలకు పేరుగాంచినది. ఎర్రచందనం నరికివేతపై, ఎగుమతిపై కఠినమైన ఆంక్షలు ఉండటం వలన ఈ బొమ్మలకు కలప పరిమితంగానే లభిస్తుంది.

వీటితో పాటు సిద్దిపేట జిల్లా చేర్యాలలో రంపపు పొట్టు, చింతగింజల పిండితో చేసే బొమ్మలు, ఊరూరా కుమ్మరులు చేసే మట్టి బొమ్మలు, తమిళనాడులోని పన్రుటి, కాంచీపురం ప్రాంతాల మట్టి మరియు కాగితపు గుజ్జు బొమ్మలు, తంజావూరు తలాడించే బొమ్మలు, కర్ణాటకలోని చన్నపట్న లక్క బొమ్మలు కూడా తెలుగు ఇళ్ళ కొలువులలో కనిపిస్తాయి. చన్నపట్న బొమ్మలకు, ఏటికొప్పాక బొమ్మలకు వాడేది ఒకే జాతి చెట్టు కర్ర.

ప్రయాణాలు, జ్ఞాపకాలు

ఏటా ఒక కొత్త బొమ్మ కావాలి కాబట్టి తీర్థయాత్రలకు, ఉద్యోగరీత్యా దూరప్రాంతాలకు వెళ్ళినవారు అక్కడి బొమ్మను తెచ్చి కొలువులో చేర్చడం అలవాటుగా మారింది. కాశీ నుండి లక్క బొమ్మలు, పూరీ నుండి జగన్నాథ బలభద్ర సుభద్రల విగ్రహాలు, జైపూరు నుండి కొయ్య కీలుబొమ్మలు, బెంగాలులోని కృష్ణనగర్ నుండి మట్టి బొమ్మలు ఈ విధంగా చేరినవే. ఒక ఇంటి కొలువును వరుసగా చూస్తే ఆ కుటుంబం ఎక్కడెక్కడ నివసించినది, ఏయే యాత్రలు చేసినది, ఎవరి పెళ్ళి ఎప్పుడు జరిగినది అనే విషయాలు తెలుస్తాయి. పేరంటానికి వచ్చినవారు ఒక్కొక్క బొమ్మ గురించి అడగడం, ఇంటివారు దాని కథ చెప్పడం కూడా వేడుకలో భాగమే.

భద్రపరచుట

చివరి రోజు రాత్రి హారతి ఇచ్చి ఒక బొమ్మను పడుకోబెడతారు. దీనితో ఆ సంవత్సరపు కొలువు ముగిసినట్లు. మరునాడు బొమ్మలను తుడిచి, పాత నూలు చీరల లేదా పంచెల ముక్కలలో చుట్టి, ఎండిన వేపాకు వేసి పెట్టెలలో సర్ది అటకపై ఉంచుతారు. కొయ్యబొమ్మలకు పురుగు, మట్టి బొమ్మలకు తేమ ప్రధాన శత్రువులు. రంగు వెలసిన బొమ్మలకు తిరిగి రంగు వేయించడం, విరిగిన చేతులను, కాళ్ళను మక్కుతో అతికించడం ఇంటివారే చేసుకునేవారు. బాగుచేయ వీలుకాని విధంగా భగ్నమైన దేవతామూర్తులను పారే నీటిలో విడిచిపెడతారు.

ఇంటిలో మైల ఉన్న సంవత్సరం కొలువు పెట్టరు. బొమ్మలు సాధారణంగా తల్లి నుండి కూతురికి లేదా అత్త నుండి కోడలికి సంక్రమిస్తాయి. అక్కచెల్లెళ్ళు ఉన్న ఇంట బొమ్మలను పంచుకున్నప్పుడు ఒక్కొక్కరు కొన్నింటిని తీసుకుని, ఆ కొన్నింటితోనే తమ ఇంట కొలువును ప్రారంభిస్తారు. అందువలన ఒకే దశావతారాల జట్టులోని బొమ్మలు వేర్వేరు ఊళ్ళలో ఉండటం కూడా జరుగుతుంది.

ఇతర ప్రాంతాలలో

తమిళనాడులో నవరాత్రి కొలు విస్తృతంగా జరుగుతుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా దసరాకే కొలువు పెడతాయి. మైసూరు ప్రాంతంలో పట్టద గొంబె అనే రాజు, రాణి బొమ్మల జంట కొలువుకు కేంద్రం. అమెరికా మొదలగు దేశాలలోని తెలుగువారు సంక్రాంతి, దసరాలకు దగ్గరలో వచ్చే శని, ఆదివారాలలో పేరంటం జరుపుకుంటారు. జపానులో మార్చి 3వ తేదీన జరిగే హినా మత్సురి అనే బాలికల పండుగలో కూడా రాజదంపతుల బొమ్మలను, పరివారాన్ని ఎర్రని వస్త్రం పరచిన మెట్లపై అమరుస్తారు. రెండు సంప్రదాయాలలోను బొమ్మల సభ, మెట్ల వరుస, ఆడపిల్లల ప్రాధాన్యం కనిపించటం విశేషం.

మార్పులు, సమస్యలు

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలు వచ్చిన తరువాత కొలువుల స్వరూపం మారింది. అచ్చులలో పోసి చేసే ఈ బొమ్మలు పెద్ద సంఖ్యలో, తక్కువ వెలకు లభిస్తాయి. ఒకే అచ్చు బొమ్మ వేలాది ఇళ్ళలో కనిపిస్తుంది. అంగడిలో దానితో పోటీ పడవలసిన కొయ్యబొమ్మ మాత్రం చేతితో చెక్కినది. చెక్కడం, అతకడం, నునుపు చేయడం, రంగు వేయడం అనే పనులన్నీ పూర్తగుటకు రోజులు పడుతుంది. ఆ శ్రమకు తగిన వెల రానప్పుడు కళాకారుల పిల్లలు ఇతర ఉద్యోగాలకు మళ్ళుతున్నారు.

కలప రెండవ సమస్య. తెల్లపొణికి కొండపల్లి పరిసర అడవులలో పెరిగే చెట్టు. నరికిన చెట్లకు తగినట్లుగా కొత్త చెట్లు పెరగనందున కర్ర దొరకటం కష్టమైనది. అంకుడు కర్ర విషయంలో కూడా ఇదే పరిస్థితి. మొక్క నాటిన తరువాత అది బొమ్మకు పనికివచ్చే చెట్టు కావటానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి నాటే పని ముందుచూపుతో జరగవలసి ఉంటుంది. భౌగోళిక గుర్తింపు వలన కొండపల్లి, నిర్మల్, ఏటికొప్పాక పేర్లకు చట్టపరమైన రక్షణ లభించినది గాని, కలపను, కొనుగోలుదారుని సమకూర్చేది ఆ గుర్తింపు కాదు.

చిన్న ఇళ్ళలో స్థలం చాలకపోవడం, పండుగకు ఊరు చేరే వీలు లేకపోవడం వలన కొలువు మానివేసిన కుటుంబాలు ఉన్నాయి. మూడు మెట్లతో, పది పదిహేను బొమ్మలతో కొనసాగించేవారు కూడా ఉన్నారు. ఆచారం ప్రకారం కొలువుకు సంఖ్యా నియమం మెట్లకే గాని బొమ్మలకు లేదు. ఏటా చేరవలసినది ఒక్క బొమ్మ మాత్రమే. ఆ ఒక్క బొమ్మ కొండపల్లిలోనో, ఏటికొప్పాకలోనో, నిర్మల్‌లోనో చేతితో చేసినదైనప్పుడు, ఇంటి పండుగతో పాటు ఆ ఊళ్ళలోని పనివారి జీవనం కూడా సాగుతుంది.